దారి చూపినవాని కూలి

రెండు మంచి వర్షాలు కురిస్తే చాలు, మా సుబేదారిలో ప్రతి ఇంటా ఒకే ప్రస్తావన మొదలవుతుంది: "బొగతకు ఎప్పుడు పోదాం?" పిల్లలు సెలవు దినాలు లెక్కపెడతారు. ఇల్లాండ్రు బగారా అన్నానికి ఎన్ని సేర్ల బియ్యం కావాలో మాట్లాడుకుంటారు. వాహనం ఎవరిది, డీజిలు ఎవరిది అన్న చర్చ ఇషా నమాజు అనంతరం మస్జిదు మెట్ల మీదనే తేలిపోతుంది.

ఇది వ్యర్థమైన ఉబలాటం కాదు. భూమిపై సంచరించి, అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ (సూరా అల్ అన్‌కబూత్, 20వ ఆయత్) మనకు బోధిస్తున్నది. అయితే మనం సంచరించే ఆ భూమిపై మనకంటే ముందు నుంచి మనుషులు నివసిస్తున్నారు. ఒక జలపాతం నుండి మరొక జలపాతానికి పోయే కాలిబాట ఎవరి ఊరి గుండానో, ఎవరి చేను గట్టు మీదుగానో సాగుతుంది. చూడవలసిన దృశ్యాల మీద ఉన్న శ్రద్ధ, నడుస్తున్న దారి మీదనూ, ఆ దారి చూపే మనిషి మీదనూ మనకు ఉంటున్నదా? ఈ ప్రశ్న నాకు ఒక పుస్తకం చదివి కలుగలేదు. గత సంవత్సరం వానకాలంలో నేను చేయబోయిన ఒక తప్పు వల్ల కలిగింది.

మూడు కుటుంబాల వారం కలసి పద్నాలుగు మందిమి ఫజ్ర్ నమాజు చేసుకుని బయలుదేరాము. ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వద్ద గోదావరి వంతెన ఎక్కితే అవతల వాజేడు మండలం. వరంగల్ నుండి బొగతకు దాదాపు 140 కిలోమీటర్లు. వంతెన లేని రోజులలో భద్రాచలం మీదుగా చుట్టి రావలసి వచ్చేదని పెద్దలు గుర్తు చేసుకున్నారు.

ఇక్కడ ఒక ధార్మిక విషయం. ప్రయాణంలో నమాజు సంక్షిప్తం (ఖస్ర్) చేయడానికి హనఫీ ఉలమాలు సాధారణంగా చెప్పే దూరం 48 మైళ్లు, అంటే సుమారు 78 కిలోమీటర్లు. బొగత అంతకంటే దూరం కనుక, ఊరి పొలిమేర దాటిన తరువాత జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులు. ఫజ్ర్, మగ్‌రిబ్‌లలో మార్పు లేదు. అదే గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతానికి పోతే, వరంగల్ నుండి సుమారు 50 కిలోమీటర్లే కనుక నమాజు పూర్తిగానే చేయాలి. స్థానిక ఇమాము వెనుక నిలబడినప్పుడు, దూరం ఎంతైనా, ఆయనతో పాటు నాలుగు రకాతులూ పూర్తి చేయాలి. ఇతర ఫిఖ్హ్ మార్గాలను అనుసరించేవారు తమ ఉలమాలను సంప్రదించగలరు.

చీకుపల్లి వాగు వెడల్పుగా పరచుకుని వచ్చి, నల్లని బండల మీదుగా ఒక్కసారిగా కిందికి దూకే చోటు బొగత. ఎత్తు 30 అడుగులే కావచ్చు, కానీ వానకాలంలో దాని హోరులో పక్కన నిలుచున్నవారి మాట వినబడదు. ఆ బండల ముందు నిలుచున్నప్పుడు సూరా అల్ బఖరాలోని 74వ ఆయత్ జ్ఞాపకం వచ్చింది. మనుషుల హృదయాలు రాళ్లకన్నా కఠినమైపోయిన సంగతి చెబుతూ, రాళ్లలో కొన్ని సెలయేళ్లకు దారి ఇస్తాయని, కొన్ని పగిలి నీటిని వెలికి పంపుతాయని, కొన్ని దైవభీతితో కిందికి దొర్లిపడతాయని అల్లాహ్ ఆ ఆయత్‌లో గుర్తుచేశాడు. పిల్లలకు ఈ అర్థం చెప్పాను. చెబుతున్నప్పుడు, కఠిన హృదయం అన్నమాట నాకు కూడా వర్తిస్తుందన్న ఆలోచన లేదు. సాయంత్రానికి వచ్చింది.

బొగత చూసిన తరువాత, గూడేల మీదుగా నడిచి, అడవి అంచున ఉన్న మరొక చిన్న జలపాతం వద్దకు వెళ్లాలని మా ఉద్దేశం. అటవీశాఖ అనుమతించని చోటుకు పోరాదని ముందే నియమం పెట్టుకున్నాము. దారి తెలిసిన ఒక కోయ యువకుడు వెంట రావడానికి ఒప్పుకున్నాడు. రెండు చోట్లా చూపి సాయంత్రానికి తిరిగి వాహనం వద్దకు చేర్చడానికి వెయ్యి రూపాయలు కూలి మాట్లాడుకున్నాము.

భోజనాలు, జుహ్ర్ నమాజు ముగించుకుని నడక మొదలుపెట్టాము. వుజూ చేసేటప్పుడు మా పిల్లవాడు వాగులో చేతులు ముంచి ఆపకుండా నీళ్లు జల్లుకుంటుంటే వాని తల్లి వారించింది. పారుతున్న నది ఒడ్డున ఉన్నా సరే, వుజూలో నీటిని వృథా చేయరాదని దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ (రజి)కు బోధించిన హదీసు మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. పట్టణంలో కుళాయి దగ్గర అది పొదుపు పాఠంగా వినిపిస్తుంది. వాగు ఒడ్డున దానికి మరో అర్థం తోచింది. ఈ నీటికి దిగువన ఒక గూడెం ఉంది. మనం కాళ్లు కడిగిన నీరే కొంత దూరం పోయాక ఎవరి బిందెలోకో చేరవచ్చు. నీటి రేవులను, నడిచే దారులను, నీడ చోట్లను మలమూత్రాలతో పాడుచేయడం శాపానికి కారణమవుతుందని ఆయన హెచ్చరించింది కూడా ఇందుకే. అడవి బాటన నడిచే కుటుంబాలు, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవారు, బయలుదేరే ముందే ఉన్న చోట మరుగుదొడ్డి అవసరాలు తీర్చుకోవడం మంచిది. తిన్న పళ్లాలు, సంచులు, సీసాలు తిరిగి మోసుకురావాలి. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అయినప్పుడు, ఆ దారిలో మనమే వదలి రావడం ఏమిటి?

గూడెంలోకి ప్రవేశించగానే మార్గదర్శి నడక మార్చాడు. అంతవరకు ముందుండి వేగంగా నడిచినవాడు మమ్మల్ని ఆపి, తాను ముందు పోయి ఒక పెద్దాయనతో కోయ భాషలో రెండు మాటలు మాట్లాడి వచ్చాడు. "ఇగ రండి సార్" అన్నాడు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొందకుండా, సలాం చేయకుండా ప్రవేశించరాదని సూరా అన్నూర్ (27వ ఆయత్) మనకు నేర్పింది. ఊరు కూడా ఒక పెద్ద ఇల్లే కదా! ఆ మర్యాద మాకు స్ఫురించకముందే అతడు పాటించాడు.

బోరింగు వద్ద నీళ్లు పడుతున్న స్త్రీలను మాలో ఒక కుర్రవాడు ఫోనులో చిత్రం తీయబోయాడు. మార్గదర్శి చేయి అడ్డం పెట్టి, "వద్దన్నా, అడగకుండ తీయొద్దు" అన్నాడు. కుర్రవాడు సిగ్గుపడి ఫోను జేబులో వేసుకున్నాడు. మన ఇంటి స్త్రీల చిత్రాలను అపరిచితులు తీస్తే మనం సహిస్తామా? చూపు దించుకోమని అదే సూరాలో విశ్వాసులకు ఉన్న ఆదేశం కెమెరా కంటికి వర్తించదని అనుకోవడానికి ఆధారం ఏదీ లేదు. ఒక ముసలమ్మ మా స్త్రీలకు నులక మంచం వాల్చి, చెంబుతో చల్లని నీళ్లు ఇచ్చింది. ఎండిన ఇప్పపువ్వును చూపి, దానిని వేయించి, దంచి ఎలా తింటారో వివరించింది. ఇప్ప అనగానే సారా అన్నమాటే మనకు గుర్తుకు వస్తుంది. పువ్వు ఆహారమే. మురగబెట్టి వంచిన సారాయి మాత్రమే మనకు నిషిద్ధం. ఆ భేదం తెలియనందువల్ల ఒక జాతి తిండినే మనం చులకనగా చూస్తున్నాము. మానవులను జాతులుగా, తెగలుగా చేసింది పరస్పరం తెలుసుకోవడానికేనని సూరా అల్ హుజురాత్ (13వ ఆయత్) చెబుతుంది. తెలుసుకోవడం ఇలాంటి నులక మంచం మీద కూర్చున్నప్పుడే మొదలవుతుంది.

గూడెం దాటి అరగంట నడిచాక ఒక వాగు అడ్డం వచ్చింది. నీరు మోకాలి లోతు కూడా లేదు. అవతలి గట్టు ఇరవై అడుగుల దూరంలో కనిపిస్తున్నది. మార్గదర్శి వంగి నీటిని చూశాడు, ఉత్తరాన గుట్టల వైపు చూశాడు.

"ఇగ పోవద్దు సార్. వాగు రంగు తిరిగింది. పైన గుట్టల మీద వాన పడుతున్నట్టుంది."

మా తల మీద ఎండ కాస్తున్నది. పిల్లలు నిరాశతో గోల చేశారు. "ఈ మాత్రం నీళ్లకా?" అని మా వారిలో ఒకాయన నవ్వాడు. నేనూ వాదించాను. అతడు వాదించలేదు. "నేనైతే దాటించను సార్" అని మాత్రం అన్నాడు. చివరకు వెనుదిరిగాము. రోడ్డు చేరే వరకు ఒక్క చినుకు పడలేదు.

వాహనం వద్ద కూలి ఇచ్చే సమయం వచ్చింది. అప్పుడు నేనన్న మాటను ఇక్కడ దాచకుండా వ్రాస్తున్నాను: "రెండు జలపాతాలు అనుకున్నాము, ఒకటే చూపావు. ఐదు వందలు తీసుకో." అతడు ఏమీ అనలేదు. నోటు అందుకోవడానికి చేయి చాచాడు. ఆ మౌనం నన్ను ఆపవలసింది, ఆపలేదు. ఆపింది మా అమ్మ. వాహనంలో కూర్చుని తస్బీహ్ చేసుకుంటున్నదల్లా తల బయటకు పెట్టి అడిగింది: "బేటా, నువ్వు మాట్లాడుకున్నది జలపాతం వెలా, ఆ పిల్లవాని పగలా?"

నా వద్ద జవాబు లేదు. వెయ్యి రూపాయలు ఇచ్చి, అన్నందుకు క్షమించమని కోరాను. అతడు నవ్వి, "మల్ల రండి సార్, వాన తగ్గినంక" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో నన్ను ఆలోచింపజేసిన సంగతులు రెండు.

మొదటిది వానకు సంబంధించినది. ఆ రోజు వరద వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చి ఉంటేనే అతని మాట నిజమని అనుకోవడం పొరపాటు. ఆ నేలను గురించి కొన్ని అంకెలు చూడండి. 2013 జూలై 19న ఇదే వాజేడులో 24 గంటలలో 517.5 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. పదేళ్లపాటు తెలంగాణ ప్రాంతంలో అదే అత్యధికం. 2023 జూలైలో అదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసి ఆ రికార్డును దాటింది. అదే వారంలో వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యాలధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మంది, తిరిగి వచ్చేటప్పుడు వాగు పొంగి అడవిలో చిక్కుపోగా, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వారు వెళ్లి కాపాడారు. ఏటూరునాగారం మండలం కొండాయి గ్రామాన్ని జంపన్న వాగు ముంచెత్తి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ వాగులు తమ పక్కన కురిసిన వానకు మాత్రమే పొంగవు. ఎక్కడో ఎగువ గుట్టల మీద కురిసిన నీరు, ఎండ కాస్తున్న చోటికి కూడా వచ్చి పడుతుంది. స్వచ్ఛమైన నీరు మట్టి రంగుకు మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం దాని ముందస్తు గుర్తులు. మనకు కనిపించేది మోకాలి లోతు. ఆ నేలపై పుట్టినవానికి కనిపించేది రాబోయే గంట. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన ప్రవక్త (స) ఉమ్మత్‌కు, హెచ్చరిక విని వెనుదిరగడం పిరికితనం కాదు, తవక్కుల్‌లో భాగమే.

రెండవది కూలికి సంబంధించినది. సుబేదారి అన్న పేరు ఎలా వచ్చిందో మనందరికీ తెలుసు. నిజాం పాలనలో వరంగల్ సుబాకు అధికారి అయిన సుబేదారు నివాసం ఇక్కడే. ఈ సుబా అడవులలో, పల్లెలలో ఆనాడు వెట్టి నడిచింది. అధికారులో, దొరలో వస్తే సామాను మోయడం, దారి చూపడం, కబురు తీసుకుపోవడం పేదల వంతు. వాటికి కూలి లేదు. 1940లలో నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, వరంగల్ జిల్లా కోయల మధ్య, కొండరెడ్ల మధ్య తిరిగి, వారు అనుభవిస్తున్న దోపిడీని గురించి ప్రభుత్వానికి నివేదించాడు. నేడు ఆ మండలాలు రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద రక్షణ పొందిన ప్రాంతాలు. అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని 1/70 చట్టం శాసిస్తున్నది. చట్టం మారింది, కాలం మారింది. అయినా సుబేదారి నుండి వచ్చిన ఒక మనిషి, దారి చూపిన కోయవాని కూలిలో సగం కోసుకోబోయాడు. ఆ వాహనంలో పాత సుబా కూడా నాతో పాటు కూర్చుని వచ్చిందేమో అనిపించింది.

మన ధర్మంలో ఈ విషయం ఎంత స్పష్టంగా ఉందో చూడండి. శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమన్నారు దైవప్రవక్త (స). కూలికి మనిషిని పెట్టుకుని, పని పూర్తిగా చేయించుకుని, కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు సహీహ్ బుఖారీ హదీసు తెలుపుతున్నది. దారి చూపేవాని పని ఏది? గమ్యం చేర్చడం ఒక్కటే కాదు. చేరరాని సమయంలో ఆపడం కూడా అతని పనే. అది చేసినందుకు కూలి కోస్తే, రేపు అతడే మరో కుటుంబాన్ని, కూలి పోతుందన్న భయంతో, వాగు దాటించవచ్చు. నేను కోయబోయిన ఐదు వందలు నా తరువాత వచ్చే వారి ప్రాణాల మీదికి వచ్చే ఐదు వందలు.

హిజ్రత్ ప్రయాణాన్ని స్మరించండి. మక్కా ఖురైషులు నూరు ఒంటెల బహుమతి ప్రకటించి వెంటాడుతున్న సమయంలో, దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మదీనా దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే నిపుణుని కూలికి నియమించుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాడు. ఖురైషుల మతంపైనే ఉన్నాడు. అయినా తమ రెండు ఒంటెలనూ అతనికి ముందుగానే అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు రమ్మన్నారు. అతడు మాట తప్పలేదు. అందరూ నడిచే బాట విడిచి తీరం వైపు దారిలో వారిని నడిపించాడు. మానవ చరిత్రను మలుపు తిప్పిన ప్రయాణంలో, దారి తెలిసిన పరధర్మీయుని విద్యను, నిజాయితీని మన ప్రవక్త (స) విశ్వసించారు. అతడు ఎటు నడిపితే అటు నడిచారు. మరి మనం ఒక కోయ యువకుడు "పోవద్దు" అంటే నవ్వుతామా? మూసా (అలై) అంతటి ప్రవక్త ఖిజ్ర్ (అలై) వెంట నడచి, ఓపిక పట్టలేక మూడు పర్యాయాలు ప్రశ్నించి, చివరకు ఆ సహవాసాన్ని కోల్పోయిన వృత్తాంతం సూరా అల్ కహఫ్‌లో ఉంది. దారి చూపేవాని వెంట నడవడమే ఒక శిక్షణ.

ఈ అవసరం మన అడవులకే పరిమితం కాదు. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండాలో, ఎల్గాన్ పర్వతం అంచున సిపి అనే చోట మూడు జలపాతాలు ఉన్నాయి. పెద్దది సుమారు 100 మీటర్ల ఎత్తు నుండి దూకుతుంది. ప్రపంచం నలుమూలల నుండి వచ్చినవారు స్థానిక మార్గదర్శి వెంట కాఫీ తోటలు, అరటి తోటలు, ఇళ్ల ముంగిళ్ల గుండా నడిచి ఒకదాని నుండి మరొకదానికి చేరుకుంటారు. అక్కడా ఆ నడక నిలిచేది ఊరివారి సమ్మతి మీదనే, దారి చూపినవాని బ్రతుకు మీదనే.

కనుక ఈ వానకాలం ప్రయాణానికి సిద్ధమయ్యే కుటుంబాలకు నా విన్నపం ఇది. అనుమతి ఉన్న జలపాతాలకే వెళ్లండి. ఊరివారిలో ఒకరిని వెంట తీసుకోండి. కూలి ముందే స్పష్టంగా మాట్లాడుకోండి. అతడు మధ్యలో ఆపితే కూడా పూర్తి కూలి ఇస్తామని అప్పుడే చెప్పండి. ఆ ఒక్క మాట అతని నాలుకను స్వేచ్ఛగా ఉంచుతుంది. అవసరమైనప్పుడు "పోవద్దు" అనగలుగుతాడు. అస్ర్ వేళకే తిరుగుముఖం పట్టండి. ఇంటికి చేరాక పిల్లలను ఎన్ని ఫోటోలు వచ్చాయని కాక, దారి చూపిన అన్న పేరు గుర్తుందా అని అడగండి.

నేను అడిగాను. మా చిన్నవానికి గుర్తుంది. నాకు లేదు. రోజంతా "బాబూ, ఇటు రా" అంటూ పిలిచానే తప్ప, పేరు అడగలేదు. ఈ వానకాలం మళ్లీ వెళ్లే ఉద్దేశం ఉంది, ఇన్‌షా అల్లాహ్. ముందుగా అతని పేరు పెట్టి సలాం చెబుతాను.

కూలివాని హక్కును మా మెడలపై మోసుకుని నీ సన్నిధికి రాకుండా మమ్మల్ని కాపాడు, ఓ అల్లాహ్! ఆమీన్.